గుమాస్తా చెవులు

గుమాస్తాని పెరట్లో నిమ్మచెట్టు పక్కన పూడ్చిపెట్టిన మర్నాడు కూడా మామగారు మామూలు వేళకే కొట్టు తలుపులు తీశారు.

గుమాస్తా అంటే ఆ ఇంటి పిల్లి. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి రొమ్ము, రోజంతా సంతకాలు పెట్టి అలిసిపోయినట్టు సగం మూసిన కళ్ళు. పనిబల్ల చివర కూర్చుని వచ్చేపోయే వాళ్ళని తనిఖీ చేసేది కాబట్టి మామగారే ఆ పేరు పెట్టారు. ముసలితనం మీదపడి, ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పని ముగించుకోవడం ఇంట్లో మిగతావాళ్ళు కూడా నేర్చుకోదగ్గ గుణమని కోడలికి తోచింది కానీ పైకి అనలేదు. అది అలాంటివి పైకి అనే రోజు కాదు.

గొయ్యి తవ్వింది ఆమె భర్త. గుమాస్తా బతికున్నన్నాళ్ళూ "ఈ వెంట్రుకలకి నా నల్లప్యాంటే దొరికిందా" అని సణిగిన మనిషి, ఆ సాయంత్రం ఆఫీసు బట్టలతోనే పార పట్టుకున్నాడు. కొలత తెలియక దూడ పట్టేంత గొయ్యి తవ్వాడు. ఇంకో రెండు పోట్లు వేస్తే నీళ్ళు పడతాయని ఆమె అనబోయి, అతని కళ్ళు చూసి ఊరుకుంది. ఇంట్లో అందరూ చిట్టెలుక అని పిలిచే కూతురు, బీరువాలోంచి తన పాత స్వెట్టరు తెచ్చి గుమాస్తాకి చుట్టింది. మట్టి కప్పేముందు మామగారు కష్టంగా వంగి, స్వెట్టరు అంచులో మడతపడిపోయిన చెవిని చూపుడువేలితో నిటారుగా సరిచేశారు. అది సరిగ్గా నిలబడేదాకా వేలు తియ్యలేదు.

మామగారు కుట్టుమిషన్లు బాగుచేస్తారు. ఇంటి ముందుగదే కొట్టు. వీధి వైపు రెండు రెక్కల తలుపు, దానికి వీపు తిప్పి, కిటికీ కింద గోడకు ఆనించిన పనిబల్ల. బల్ల మీద స్క్రూడ్రైవర్లు, పొడుగు ముక్కు నూనెడబ్బా, పీచు దులపడానికి పాత టూత్‌బ్రష్షులు. బల్ల ఎడమ చివర, ఎవరో ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళని ఒక చేతిమిషను, దాని మీద గుండ్రటి చెక్కమూత. ఆ మూత మీదే గుమాస్తా ఉద్యోగం. కూర్చుని కూర్చుని మూత నడుమ వార్నిషు పోయి, పిల్లి ఆకారంలో తెల్లబడింది.

పొద్దుటి పని ఒక కొలిక్కి వచ్చాక కోడలు రెండు గ్లాసుల టీ పట్టుకుని కొట్టులోకి రావడం పెళ్ళైన కొత్తల్లో మొదలైన అలవాటు. ఆమెకి చమత్కారం ఎక్కువ, గొంతు తక్కువ. మనసులో తోచినవన్నీ భర్త ముందు అంటే పేచీ, కూతురి ముందు అంటే సాయంత్రానికల్లా బడంతా చేరుతుంది. అందుకని రోజంతా పోగైన మాటలు మూటగట్టుకొచ్చి మామగారి పక్కన నిలబడి విప్పేది. మాట అయిపోగానే గ్లాసు మీద గోటితో టక్కున కొట్టేది, వాక్యానికి చుక్క పెట్టినట్టు. ఆ వెంటనే ఆయన నవ్వేవారు. పెద్దగా కాదు, మీసం కింద, భుజాలు మాత్రం కదిలేలా. కాలేజీలో వక్తృత్వపు పోటీలో వచ్చిన కప్పు ఎక్కడుందో ఆమెకి గుర్తులేదు. ఈ భుజాలు చాలనుకునేది.

ఆ రోజు కూడా టీ బల్ల మీద పెట్టింది. ఆయన ఏదో మిషను తలను పక్కకి వాల్చి, షటిల్ చుట్టూ చుట్టుకున్న దారం పట్టకారుతో లాగుతున్నారు.

"మీ అబ్బాయికి నడుం పట్టేసింది మామయ్యగారూ. పొద్దున్నించీ ఒకటే ఫోన్లు, ఎలా ఉంది, ఎలా ఉంది అని. గుమాస్తాకంటే ఆయనకే పరామర్శలు ఎక్కువొస్తున్నాయి."

టక్.

భుజాలు కదల్లేదు. ఆయన దారం పోగు లాగి పారేసి, తలెత్తి చెక్కమూత వైపు చూశారు. మళ్ళీ షటిల్ వైపు వంగారు.

తనది తొందరపాటేమో, పిల్లి పోయిన మర్నాడే పరాచికాలేమిటి అనుకుని ఆమె సిగ్గుపడింది. వంటింట్లోకి వెళ్ళి పని చూసుకుని, మళ్ళీ వచ్చి చూసేసరికి టీ మీద మీగడ కట్టి ఉంది.

*

మొదటి ఫిర్యాదు టైలరమ్మ దగ్గర్నుంచి వచ్చింది. ఆవిడ నాలుగిళ్ళ అవతల ఉంటుంది, గొంతు మాత్రం వీధి మొత్తానికీ సరిపోతుంది.

"మీ మామగారికి నా మీద కోపమేమన్నా ఉందా అమ్మా?" అంది, కూరలబండి దగ్గర కోడల్ని పట్టుకుని. "మిషను మోసుకుని వెళ్ళాను. గుమ్మంలో నిలబడి తాతగారూ, తాతగారూ అని ఎన్నిసార్లు పిలిచానో. ఒక్కసారి వెనక్కి చూస్తే ఒట్టు. గోడలో కిటికీతో మాట్లాడినా అదన్నా చప్పుడు చేసేది."

"పిల్లి పోయింది కదండీ. మనసు బాగాలేదు."

"మా ఆయన పోయినప్పుడు కూడా నేను జనాలకి జవాబు చెప్పానమ్మా," అంది టైలరమ్మ. కానీ గొంతు తగ్గించింది. "నిజమే, మంచి పిల్లి. నేను సందు మలుపు తిరుగుతుండగానే లేచి నిలబడేది. మర్యాద తెలిసిన జీవి."

ఎదురుగా మందుల షాపాయన కూడా భర్తతో అదే అన్నాడు. చిల్లర కోసం పంపిస్తే కుర్రాడొచ్చి నిలబడి నిలబడి తిరిగొచ్చాడట. ఇంకెవరో, పెద్దాయన మనిషిని చూసి మొహం తిప్పుకుంటున్నాడన్నారట. భర్త ఇవన్నీ రాత్రి భోజనాల దగ్గర అప్పజెప్పాడు. అతని ఫోన్లో ఏదో తెరిచి ఉంది. ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ వంగి చూసింది. మతిమరుపు జబ్బు, మొదటి లక్షణాలు.

"ఇందులో ఉన్నవి సగం మీకూ ఉన్నాయి," అంది. "వస్తువులు ఎక్కడ పెట్టామో మర్చిపోవుట. భార్య చెప్పినది గుర్తులేకపోవుట."

"ప్రతిదీ వేళాకోళమే నీకు."

మామగారు ఎదురుగా కూర్చుని శ్రద్ధగా రొట్టె తుంచుకుంటున్నారు, మధ్య మధ్య అందరి వైపూ ప్రసన్నంగా చూస్తూ.

ఆ తర్వాతి మధ్యాహ్నం వాన కురిసింది. కోడలు పన్ను చూపించుకోవడానికి వెళ్ళి, అక్కడే చిక్కుకుపోయింది. ఆటో దొరికి ఇల్లు చేరేసరికి కొట్టు తలుపులు మూసి ఉన్నాయి. మెట్ల మీద, చారెడు చూరు కింద, చిట్టెలుక బడిసంచీ తల మీద పెట్టుకుని కూర్చుని ఉంది. మోకాళ్ళ దాకా తడిసి, పెదాలు నీలంగా ఉన్నాయి. లోపల లైటు వెలుగుతోంది. తలుపు సందులోంచి తాతయ్య వీపు కనిపిస్తోంది.

"తలుపు కొట్టలేదుటే?"

"కొడితే ఏం లాభం," అంది చిట్టెలుక, పళ్ళు టకటకలాడిస్తూ. "గుమాస్తా లేదుగా."

తాళంచెవి తిప్పి లోపలికి వెళ్ళేసరికి మామగారు తలెత్తి చూశారు. తడిసిన మనవరాలిని చూడగానే చేతిలో స్క్రూడ్రైవరు జారిపోయింది. తువ్వాలు కోసం ఆయన పరిగెత్తిన తీరు, నూనె చేతులు కడుక్కోకుండానే పిల్ల తల తుడవడం చూసి, ఆమె అడగబోయినది అక్కడే ఆపేసింది.

అడిగే పని భర్త చేశాడు. చిట్టెలుక తుమ్ముల మధ్య అతను ఇల్లంతా పచార్లు చేసి, చివరికి తండ్రి కుర్చీ వెనక ఆగాడు.

"ఇక చాలు నాన్నా. కొట్టు తీసేద్దాం. ఆదివారం పాతసామాన్లాయనని రమ్మంటాను, మిషన్లూ బల్లా అన్నీ పట్టుకుపోతాడు. మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి. పిల్లి కోసం ఇలా అయిపోతే ఎలా?"

మామగారు వేడిపాలు ఊదుకుంటున్న మనవరాలినే చూస్తున్నారు. కొడుకు చెయ్యి భుజం మీద పడగానే తిరిగి చూసి, నవ్వి, తలూపారు.

"అలాగే నాన్నా. అలాగే."

భర్త భార్య వైపు తిరిగాడు. "చూశావా? ఎంత తేలిగ్గా ఒప్పుకున్నారో. ఆయనకే తెలుస్తోంది."

ఆమెకి అదే మింగుడుపడలేదు. ఒకసారి తను బల్ల తుడుస్తూ పొడుగు స్క్రూడ్రైవరు కుడి నుంచి ఎడమకి జరిపినందుకు రెండు పూటలు ముభావంగా ఉన్న మనిషి. బల్లకి బల్లే తీసేస్తామంటే అలాగే అంటాడా?

*

శుక్రవారం పొద్దున్న ఆమె టీ లేకుండా కొట్టులోకి వచ్చి, ఇంటి లోపలి గుమ్మంలో, ఆయన వీపు వెనక, చేతులు కట్టుకుని నిలబడింది.

మామగారు మిషను సూది కింది పళ్ళెం విప్పి, బట్టని ముందుకు నెట్టే పళ్ళ మధ్య ఇరుక్కున్న పీచు బ్రష్షుతో దులుపుతున్నారు. దులపడం, చూపుడువేలు పళ్ళ మీద ఆన్చడం, చక్రం నెమ్మదిగా తిప్పడం, వేలితో ఆ కదలికని వినడం. తర్వాత తలెత్తి చెక్కమూత వైపు చూడటం. మళ్ళీ వంగడం. మళ్ళీ ఎత్తడం. పాపం, మర్చిపోలేకపోతున్నారు అనుకుంది మొదట. కాసేపు చూశాక, అది మర్చిపోలేని మనిషి చూపులా లేదనిపించింది. రోడ్డు దాటేవాడు అటూ ఇటూ చూసుకునే చూపులా ఉంది. ఏదో తెలుసుకోవడానికి చూసి, తెలియక, మళ్ళీ పనిలోకి వంగుతున్నారు.

అంతలో వీధిలో లారీవాడు ఒక్కసారి హారన్ నొక్కాడు. ఆమె ఉలిక్కిపడి తలుపు పట్టుకుంది. ఎదురింటి మేడ మీంచి పావురాలు లేచిపోయాయి. మామగారు సూదికి నూనె చుక్క వేస్తున్నారు. చుక్క తొణకలేదు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, గిన్నె మూత ఒకటి తెచ్చింది. ఆయన వెనకే నిలబడి నేల మీదకి వదిలింది. అది గుండ్రంగా తిరిగి తిరిగి, తీరిగ్గా గోల చేసి పడుకుంది.

మామగారు రెండో చుక్క వేశారు.

"మామయ్యగారూ," అంది, మామూలు గొంతుతో. "వంటింట్లో మంటలు లేచాయి. మీ అబ్బాయి రెండో పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. ముందు ఏది ఆర్పమంటారు?"

టక్, అని కూడా కొట్టింది, తలుపు మీద. చక్రం మెత్తగా తిరుగుతూనే ఉంది.

ఆమెకి నవ్వు రాలేదు. ఆయన చూస్తూ వచ్చింది గుమాస్తాని కాదు, గుమాస్తా చెవుల్ని. ఈ సంగతి అర్థమైన మరుక్షణమే, దాని వెనకే ఇంకోటి కూడా అర్థమైంది. ఎన్నేళ్ళ టీలు, ఎన్ని మాటలు, ఎంత ఏరి కూర్చి చెప్పినవి.

గిన్నె మూత తీసి పక్కన పెట్టి, స్టూలు లాక్కుని ఆయనకి మొహం కనపడేలా, బల్ల చివరకీ పక్కగోడకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. మామగారు కళ్ళద్దాల మీంచి చూశారు. ఆమె పెదాలు విడదీసి, నెమ్మదిగా అడిగింది.

"ఎప్పట్నించి?"

ఆయన నూనెడబ్బాకి మూత పెట్టారు. గుడ్డ తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నారు, బొటనవేలు నుంచి మొదలుపెట్టి. అబద్ధం ఆడటానికి కావలసినంత సమయం తీసుకుని, ఆడలేదు.

"చిట్టెలుక నడక నేర్చినప్పటికే ఒకటి పోయింది. రెండోది మెల్లిగా. గుమాస్తా ఉండగా ఇబ్బంది తెలీలేదమ్మా. ఒక్క చెవి అటు తిప్పిందంటే వీధిలో మనిషి. లేచి నిలబడిందంటే టైలరమ్మో, చిట్టెలుకో. ఒళ్ళు విరుచుకుందంటే వాడు ఆఫీసు నుంచి వస్తున్నాడు. ఎవరైనా ఎదురుగా వచ్చాక ఇక మొహం చూసి లాక్కొచ్చేవాణ్ణి."

"నేనొస్తే?"

"రెండు చెవులూ ఇటు తిప్పి కళ్ళు మూసుకునేది. పాలు పోసే మనిషివి కదా."

ఆమె బల్ల మీది దారపు బాబిన్ ఒకటి తీసి అటూ ఇటూ దొర్లించింది. అడగకపోతే బాగుండునని తెలిసీ అడిగింది.

"మరి నా మాటలకి నవ్వేవారు?"

మామగారు ఆమె మొహం వైపు చూసి, చూపు దించుకున్నారు.

"మాట అయ్యాక గ్లాసు మీద గోటితో కొట్టేదానివి. అది దాని చెవి దగ్గరే. చటుక్కున విదిల్చేది. అప్పుడు నవ్వేవాణ్ణి." గుడ్డని ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "మొదట్లో విన్నానమ్మా. అవి చాలా బాగుండేవి. ఆ తర్వాతవి కూడా బాగానే ఉంటాయని నమ్మకం మీద నవ్వాను."

ఆమెకి ఉక్రోషం వచ్చింది. దాన్ని తోసుకుంటూ నవ్వూ వచ్చింది. నమ్మకం మీద నవ్వేవాడు తన భర్తకి ఈ జన్మలో దొరకడు.

"చెప్పొచ్చుగా మామయ్యగారూ. డాక్టరు ఉన్నాడు, చెవిలో పెట్టుకునేవి ఉన్నాయి."

"చెవిటివాడంటే మిషను ఇస్తారా ఎవరైనా? చప్పుడు తేడా వచ్చిందండీ చూడండి అనే కదా తెస్తారు. నాకు వేలు పెడితే చాలని వాళ్ళకెలా చెప్పను? వాడికి తెలిస్తే ఆ రోజే కొట్టు మూయిస్తాడు. వాడికి చెప్పకు."

కొట్టు మూయడానికి మీరు మొన్న అలాగే అన్నారని ఆమె చెప్పింది. ఆయనకి మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి చెప్పాక, చేతిలో గుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టారు. చిన్నదయ్యేదాకా మడత పెట్టారు.

"చిట్టెలుక తడిసిందని కోప్పడుతున్నాడనుకున్నాను. కోప్పడాల్సిందేగా అని అలాగే అన్నాను."

ఆయన చెక్కమూత మీద తెల్లబడ్డ చోట అరచెయ్యి ఆన్చారు.

"నీకో సంగతి చెప్పనా? ఆఖర్న దానిక్కూడా వినపడటం మానేసింది. పాలగిన్నె చప్పుడు చేసినా కదిలేది కాదు, చూశావో లేదో. ఎవరైనా వచ్చారేమోనని నేను దాని మొహం చూసేవాణ్ణి. అది నా మొహం చూసేది. ఇద్దరం అలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్ళం, గుమ్మంలో ఎవరున్నారో ఎవరికీ తెలీకుండా." ఆయన భుజాలు కదిలాయి. ఈసారి ఏ చెవీ చెప్పకుండానే. "పోయేముందు రోజు కూడా ఠంచనుగా వచ్చి కూర్చుంది. దాని డ్యూటీ అది మానలేదు."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది.

"చెప్పను లెండి. కానీ బల్ల తిప్పుదాం. తలుపు వైపు."

"కిటికీ వెలుతురు పోతుంది."

"తలుపులోంచి రాదూ? వెలుతురూ ఎదురుగా వస్తుంది, మనిషీ ఎదురుగా వస్తాడు."

ఇద్దరూ కలిసి బల్ల జరిపారు. ఎన్నో ఏళ్ళుగా కదలని బల్ల నేలని గీరుతూ పెద్ద కేక పెట్టింది. అదీ ఆమెకొక్కదానికే వినపడింది. బల్ల కింద, గోడ మూల, పోయాయనుకున్న బాబిన్లు ఒక గుట్ట, వాటి మీద బూడిదరంగు వెంట్రుకల ఉండ. మామగారు వంగి బాబిన్లు ఏరి డబ్బాలో వేశారు. వెంట్రుకల ఉండని మాత్రం చీపురుకి ఇవ్వలేదు.

*

ఆదివారం పాతసామాన్లాయన తోపుడుబండి, తాళ్ళు, తక్కెడ పట్టుకుని వచ్చి వీధిలో నిలబడ్డాడు. భర్త లోపలి నుంచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, తలుపుకి ఎదురుగా తిరిగి ఉన్న బల్లని చూసి ఆగిపోయాడు. మామగారు బల్ల వెనక కూర్చుని, శనివారం మళ్ళీ వచ్చి ఇచ్చివెళ్ళిన టైలరమ్మ మిషనుకి బెల్టు బిగిస్తున్నారు.

"ఇదేంటి?"

చిట్టెలుక మెట్ల మీద కూర్చుని బండి చక్రాన్ని కాలితో తోస్తోంది. కోడలు అప్పటికే తళతళలాడుతున్న ఒక మిషనుని ఇంకా తుడుస్తోంది.

"నాన్నా, ఆయనొచ్చాడు. సామాను తీసుకెళ్ళడానికి."

మామగారు కొడుకు మొహంలోకి చూశారు. ఈసారి ఎదురుగా ఉంది. "ఏ సామాను? కొట్టు మూసేది లేదురా."

"మొన్న అలాగే అన్నారు కదా?"

ఆయన మళ్ళీ బెల్టు వైపు వంగారు. భర్త ఊపిరి వదిలి, భార్య వైపు తిరిగాడు. పాతసామాన్లాయన వినకూడదని గొంతు తగ్గించాడు.

"ఇదంతా నీ పనేగా. బల్ల తిప్పింది నువ్వే, ఆయన మనసు తిప్పిందీ నువ్వే. రేపు వానలో పిల్ల మళ్ళీ బయట నిలబడితే? పొయ్యి ఆరిపోయి గ్యాసు వాసనొచ్చినా ఆయనకి తెలుస్తుందా? మతి సరిగ్గా లేని మనిషిని పెట్టుకుని ఆటలా నీకు?"

ఆమె నాలుక చివర సమాధానాలు మూడో నాలుగో వరసలో నిలబడ్డాయి. ఒక్కొక్కటీ ముద్దొచ్చేలా ఉంది. మాట ఇచ్చింది కనక వాటన్నిటినీ ఒక్కొక్కటిగా మింగింది. గుడ్డ తిరగేసి మళ్ళీ అదే మిషను తుడిచింది. మొహం ఎర్రబడింది.

మామగారు బెల్టు వదిలేశారు. ఆయన కొడుకుని చూడటం లేదు, కోడల్ని చూస్తున్నారు. ఇన్నేళ్ళలో ఆమె ఎదురుచెప్పకుండా నిలబడటం ఆయన చూడలేదు.

"అమ్మాయిని అనకు," అన్నారు.

"నేనేమన్నాను నాన్నా?"

"ఏమన్నావో నాకు తెలీదురా. అమ్మాయి మొహం చూస్తే తెలుస్తోంది. నాకు చెవులు వినపడవు. మతి బాగానే ఉంది, చెవులే పోయాయి. మొన్న కాదు, చాన్నాళ్ళైంది. అమ్మాయికి చెప్పొద్దని నేనే చెప్పాను."

వీధిలో పాతసామాన్లాయన తాడు చుట్టడం ఆపాడు.

"తాతయ్యకి వినపడదని మీకు తెలీదా?" అంది చిట్టెలుక, మెట్ల మీంచి వెనక్కి తిరిగి. "అందుకేగా నేను మోకాలు తట్టి మాట్లాడతాను. మిగతా టైములో గుమాస్తా చెప్పేది."

భర్త స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక ఏదో గుర్తొచ్చినట్టు మెల్లిగా తలెత్తాడు. ఆఫీసు నుంచి రాగానే, లోపలికి కూడా రాకుండా, రోజూ తండ్రి పక్కన కూర్చునే స్టూలు అది.

"అంటే సాయంత్రాలు... నేను చెప్పినవన్నీ?"

"నువ్వు పెదాలు కదపకుండా మాట్లాడతావు. చిన్నప్పట్నించీ అంతే. ఒక్క ముక్క అందేది కాదు." మామగారి గొంతు మెత్తబడింది. "కానీ వచ్చి కూర్చునేవాడివి. గుమాస్తా నీ ఒళ్ళోకి ఎక్కేది. దాని వీపు నిమురుతూ ఏదో చెప్పేవాడివి. లేచేసరికి నీ మొహం తేటపడేది. చాల్లే అనుకునేవాణ్ణి."

భర్త తన ప్యాంటు మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. ఆదివారం కదా, నల్లది కాదు. అయినా అరచేత్తో ఒకసారి దులిపి, ఆ చెయ్యి అక్కడే ఉంచాడు.

"రోజూ ఏం చెప్పేవారేంటి?" అంది ఆమె. మాటల మీద నిషేధం తీరిపోయింది కదా.

"ఏం లేదు. ఆఫీసు సంగతులు."

"రోజూనా? ఇన్నేళ్ళూనా?"

"పెద్ద ఆఫీసు," అన్నాడు భర్త, నేల చూపులు చూస్తూ.

పాతసామాన్లాయన గుమ్మంలోకి తల పెట్టాడు. "నన్నుండమంటారా, వెళ్ళమంటారా? నాకూ ఇంట్లో ముసలాయన ఉన్నాడు. ఆయనకి అన్నీ వినపడతాయి, అదే బాధ."

మనిషిని ఖాళీ బండితో పంపడం బాగోదని భర్త లోపలికి వెళ్ళి పాత పేపర్లు, కాలు విరిగిన కుర్చీ, తను ఎన్నడూ ఎక్కని వ్యాయామం సైకిలు మోసుకొచ్చాడు. తక్కెడ దగ్గర నిలబడి, తండ్రి వైపు తిరిగి, పెదాలు బాగా తెరిచి, వీధి చివరిదాకా వినపడేలా అన్నాడు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం నాన్నా. చెవుల డాక్టరు."

"రేపు కుదరదు," అన్నారు మామగారు, నెమ్మదిగా. "టైలరమ్మ మిషను ఇవ్వాలి. ఎల్లుండి చూద్దాం."

బండి వెళ్ళిపోయాక కోడలు టీ పెట్టుకొచ్చింది. ఎప్పటిలా పక్కన నిలబడబోయి, బల్లకి ఇటువైపు, ఆయనకి ఎదురుగా కూర్చుంది. వెలుతురు ఆమె మొహం మీద పడాలని ఆయన చెక్కమూత ఉన్న మిషనుని కొంచెం పక్కకి జరిపారు. గ్లాసు అందుకుని, తాగకుండా చేతుల్లో పట్టుకున్నారు.

"అమ్మాయ్, ఇన్నాళ్ళూ నువ్వు చెప్పినవి ఉన్నాయే. అవన్నీ మళ్ళీ చెప్పు. మొదట్నించీ."

ఆమె ఓరకంట చూసింది. భర్త పేపర్లు తూచిన చోట పడ్డ చెత్త ఏరుతున్నాడు, చెవులు ఇటే ఉన్నాయి. ఆ మాటల్లో మూడొంతులు అతని మీదవే. మెల్లిగా చెప్తే మామగారికి అందదు, గట్టిగా చెప్తే అతనికి అందుతుంది. ఒక్క క్షణం ఆలోచించి, కాలేజీ వేదిక ఎక్కినట్టు గొంతు సవరించుకుంది.

"గుమాస్తా వచ్చిన కొత్తల్లో, దాన్ని పట్టుకెళ్ళి ఊరి చివర వదిలేసి వస్తానని మీ అబ్బాయి సంచీలో పెట్టుకుని బయల్దేరారా? చీకటి పడ్డాక ఫోను. దారి తప్పానే, పిల్లి ఎప్పుడో ఇల్లు చేరిందట, నన్నెవరైనా వచ్చి తీసుకెళ్ళండి అని."

"అలా జరగలేదు," అన్నాడు భర్త, చెత్త చేతిలోనే పట్టుకుని లోపలికి వస్తూ. "నేను దారి తప్పలేదు, బస్సు తప్పింది. అయినా అది సంచీ కాదు, బుట్ట."

"బుట్టలో పెట్టి తీసుకెళ్ళారు, ఖాళీ సంచీతో వచ్చారు. నేను చూశాగా."

"నువ్వెక్కడ చూశావు, నువ్వు నిద్రపోయావు."

చిట్టెలుక వచ్చి తాతయ్య కుర్చీ చేతి మీద ఎక్కి కూర్చుంది. భర్త తన స్టూలు మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఏ ఒక్కరి మాటా పట్టుకోవడానికి వీల్లేదు. ఎప్పుడు నవ్వాలో చెప్పడానికి మూత మీద ఎవరూ లేరు. మామగారు కోడలి మొహం, కొడుకు మొహం మార్చి మార్చి చూస్తూ కాసేపు ఆగారు. తర్వాత తనకు తోచిన చోట, భుజాలు కదిలేలా నవ్వారు.

సరైన చోటే నవ్వారు.